సముద్రం స్కీము

ఆ ఏడు మా ఇల్లంతా పురుగు కోసం ఎదురుచూసింది.

వాన కోసం మొగులుకేసి చూసేవాళ్లుంటారు, ధర కోసం మార్కెట్టుకేసి చూసేవాళ్లుంటారు. పురుగెప్పుడొస్తుందా అని చూసింది మాత్రం వరంగల్ మొత్తంలో మేమేననుకుంటా. పత్తి చేన్ల మీద పచ్చపురుగు పడాలి. పడితే రైతులు మా దుకాణానికి పరుగెత్తుకొస్తారు. వస్తే ఎర్ర డబ్బాల మందు అమ్ముడుపోతుంది. దీపావళిలోగా కంపెనీ పెట్టిన టార్గెట్ దాటితే నేను, మా ఆయన వెంకట్రాజం, మా ఇద్దరు పిల్లలు విమానమెక్కి థాయిలాండ్ పోతాం. వారం రోజులు సముద్రం ఒడ్డున ఉంటాం.

ఇది పంతొమ్మిది వందల ఎనభై అయిదు సంగతి. స్టేషన్ రోడ్డు పక్క సందులో మాది పురుగుమందుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో నేను. పొద్దున వంట, తర్వాత కౌంటర్, మధ్యాహ్నం మళ్లీ వంట, సాయంత్రం మళ్లీ కౌంటర్. వీటికి తోడు దవాఖాన చుట్టాలు. రఘునాథపల్లి వైపు మావాళ్లలో ఎవరికి జబ్బు చేసినా వరంగల్ పెద్ద దవాఖానకే వస్తారు. దవాఖానకు వచ్చినవాళ్లు మా ఇంటికి రాకుండా పోరు. పేషెంటుకు జావ కాయాలి, వెంట వచ్చినవాళ్లకు అన్నం వండాలి, వాళ్ల వెంట వచ్చిన పిల్లలకు పాలు వెచ్చబెట్టాలి. అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. మోకాళ్లకు మాత్రం అరవై దాటాయి.

మృగశిర వెళ్లిన వారంలో కంపెనీ మనిషి కిషన్ రావు స్కూటర్ మీద వచ్చాడు. ఏటా కుక్కరో గోడ గడియారమో బహుమానం అని ఊరించే మనిషి, ఈసారి రెండు రంగుల కాగితాలు కౌంటర్ మీద పరిచాడు.

"వదినమ్మా, ఈసారి ఫారిన్. అదీ ఫ్యామిలీతోని. రెండూళ్లల్ల ఒక ఊరు మీరే ఏరుకోవాలె."

మొదటి కాగితం నిండా లైట్లు, దుకాణాలు, నవ్వుతున్న మొహాలు.

"గిక్కడ రాత్రికి పగటికి తేడా ఉండది. డీలర్లంత దీనికే రాయించుకుంటాండ్రు."

"మరి గా రెండోది?" అన్నాను.

"అదా? హువా హిన్ అని, మన పల్లె లెక్కనే. బ్యాంకాక్ నుంచి రైలుల నాలుగైదు గంటలు. సముద్రముంటది, చేపల పడవలుంటయి. గంతే. ఏం లేదక్కడ."

"ఏం లేదా?"

"ఏం లేదు వదినమ్మా. పిల్లలున్నోళ్లకని పెట్టిండ్రు గని ఎవ్వలు పోతలేరు."

ఆ బొమ్మలో మనుషులే లేరు. ఖాళీ ఇసుక, ఒక గొడుగు, దాని కింద వాలుకుర్చీ. నీళ్లు కూడా ఏదో ఊరికే ఉన్నట్టున్నాయి. నేను ఆ కుర్చీని చాలాసేపు చూశాను.

"మాకు ఇదే రాసుకో అన్నా."

మా ఆయన చేతిలోని చాయ గ్లాసు కింద పెట్టాడు. "ఏమే, పుట్టి బుద్ధెరిగినంక ఒక్కసారి విమానమెక్కుతే, ఏం లేని ఊరికి పోదామంటవా?"

"అక్కడికి దవాఖాన చుట్టాలు రారు."

కిషన్ రావు పగలబడి నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

*

పాస్‌పోర్టు ఫోటోల కోసం నలుగురం హన్మకొండ చౌరస్తాలో స్టూడియోకు పోయాం. పిల్లలు తలకు నూనె పెట్టుకుని, పండక్కి కుట్టించిన బట్టలేసుకుని వచ్చారు. పద్మ ఏడో తరగతి, భద్రి మూడో తరగతి. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో ఆయన నల్లగుడ్డలో తలపెట్టాడు. మళ్లీ తల బయటికి తీశాడు.

"అమ్మా, కండ్లు తెరువుండ్రి."

"తెరిచే ఉన్న."

"జర పెద్దగ తెరువుండ్రి."

"గివే పెద్దయి నాయినా. తియ్యి."

వారం తర్వాత ఫోటో చేతికొస్తే భద్రి చూసి, "అమ్మా, నీకు జరమొచ్చిందా గా రోజు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను ఫోటో తిరగేసి పెట్టాను.

ఆ రెండు నెలలు ఇంట్లో ఒకటే ముచ్చట. పద్మ స్కూలు అట్లాసులో మద్రాసు నుంచి సముద్రం మీదుగా పెన్సిలుతో గీత గీసింది. భద్రి ఆ గీతమీద ఏనుగు బొమ్మ గీసి చెంపదెబ్బ తిన్నాడు. అన్నాల దగ్గర కూర్చుంటే చాలు, ప్రశ్నలు మొదలు.

"అక్కడోళ్లు ఏం తింటరమ్మా?"

"అన్నమే తింటరట."

"అయితే తొక్కు పట్టుకపోదాం. సకినాలు పట్టుకపోదాం" అంది పద్మ.

"మరి అక్కడ గూడ నువ్వే వండాల్నా?" అన్నాడు భద్రి.

"హోటలోళ్లు వండుతరు."

"మరి నువ్వేం చేస్తవ్?"

"ఏం చెయ్య."

ఇద్దరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని ఫక్కున నవ్వారు. నేనేదో హాస్యమాడాననుకున్నారు.

*

వినాయక చవితి వచ్చింది, పోయింది. పురుగు రాలేదు. చేన్లు పచ్చగా, శుభ్రంగా, పెళ్లిపిల్లల్లా ఉన్నాయని రైతులు మురిసిపోతూ చెబుతుంటే మా ఆయన ముఖం మాడిపోయేది.

అప్పటికే ఆయన చేయగూడని పని చేసి కూర్చున్నాడు. సీజన్ మధ్యలో స్టాకు దొరకదని భయపెట్టి కిషన్ రావు మొత్తం సరుకు ముందే ఎత్తించాడు. మా వ్యాపారంలో దాన్ని ఎత్తుడు అంటారు. ఎత్తినంత మాత్రాన లెక్కకు రాదు. దీపావళినాడు కిషన్ రావు వచ్చి చూస్తాడు, మిగిలిన పెట్టెలు తీసేసి పోయినవే టార్గెట్‌లో వేస్తాడు. దుకాణం నిండి, వసారా నిండి, చివరికి మేం పడుకునే గది నిండింది. పెట్టెల మీదే పరుపులేసుకున్నాం. ఆ వాసన అన్నంలోకి, చీరల్లోకి, పిల్లల జుట్టులోకి చేరింది. భద్రికి దగ్గు పట్టుకుంటే పిల్లలిద్దరినీ పక్కింటి సావిత్రి వాళ్ల అరుగుమీద పడుకోబెట్టాను.

"నీ మొగడు సముద్రం చూపిస్తనని ముందు దగ్గు చూపించిండే కళావతి" అంది సావిత్రి.

"టికెట్టు లేకుంట వచ్చింది గదా, ఉండనియ్యి."

బతుకమ్మ పేర్చే రోజుల్లో ఒకనాటి పొద్దున, తలుపులు తీసేసరికి దుకాణం ముందు ముగ్గురు రైతులు నిలబడి ఉన్నారు. ఒకాయన తువ్వాల మూట విప్పి పత్తి కొమ్మను కౌంటర్ మీద పెట్టాడు. మా దగ్గర పద్ధతి అదే. నాడి పట్టించుకోవడానికి డాక్టర్ దగ్గరికి మనిషి పోయినట్టు, మందు దుకాణానికి చేను కొమ్మ వస్తుంది. దుకాణందారు దాన్ని చూసి రోగం పేరు, మందు పేరు చెప్పాలి. ఆ కొమ్మ మీద లేత కాయకు బెజ్జం. బెజ్జంలోంచి ఆకుపచ్చ తోక.

"సేటూ, పురుగు పడ్డది" అన్నాడాయన, ఏడవలేక.

లోపల్నుంచి భద్రి కేక వేశాడు. "అక్కా, పురుగొచ్చిందే, పురుగొచ్చింది." పద్మ చప్పట్లు కొట్టింది. ఆ రైతు తలెత్తి ఇంట్లోకి చూశాడు. ఇంట్లో ఎందుకు సంబురమో ఆయనకు అర్థం కాలేదు. నేను తలుపు మూసొచ్చాను. మూస్తుంటే నా మొహం మీద కూడా నవ్వుందని తెలిసి దిద్దుకున్నాను.

ఆ పదిరోజులు కూర్చోవడానికి తీరిక లేదు. గదిలో పెట్టెలు సగానికి సగం తరిగి, మా మంచం మళ్లీ కనిపించింది. కిషన్ రావు రఘునాథపల్లిలో మా బావ మొగిలయ్య చేన్లో కంపెనీ బోర్డు కూడా నాటి వచ్చాడు.

"డీలర్ సొంత అన్న ఏ మందు కొడితే ఊరు ఊరంతా గదే కొడుతది. పక్కూళ్లు గూడ" అన్నాడు. "మీ అన్న పంపు భుజాన ఎత్తిండంటె, మీ ఫ్యామిలీ విమానం ఎక్కినట్టే."

అది నిజం. మా బావ ఇంకా కొట్టలేదు. ఆయన చేన్లోకి పురుగు ఆలస్యంగా దిగింది. ఊరు ఆయనకేసి చూస్తోంది.

*

మరిపెడ నుంచి యాకయ్య అనే రైతు మూడోసారి వచ్చినప్పుడు నేనే కౌంటర్‌లో ఉన్నాను. ఎర్ర డబ్బాలు అందరికంటే ముందు కొన్నది ఆయనే. కొమ్మ తేలేదు. అగ్గిపెట్టె తెచ్చాడు.

"సేటమ్మా, గిది చూడు."

తెరిస్తే లోపల పచ్చపురుగు. చిటికెన వేలంత ఉంది.

"మీ మందు కొట్టిన. మళ్లొకసారి కొట్టిన. ఇది చస్తలేదు సరిగదా, బలుస్తాంది. తాగి తాగి అలవాటైనట్టుంది దీనికి, మా బావమర్ది లెక్క."

మా ఆయన లోపల్నుంచి వచ్చి, డోసు తక్కువైందనీ, నీళ్లెక్కువ కలిపావనీ, ఇంకో మందు జోడించి కొట్టమనీ చెప్పి పంపాడు. యాకయ్య ఇంకో రెండు డబ్బాలు పట్టుకుని పోయాడు. అగ్గిపెట్టె కౌంటర్ మీద మరిచిపోయాడు.

నేను దాన్ని వంటింట్లోకి తీసుకుపోయాను. పాత మూతలో ఎర్ర డబ్బా మందు నీళ్లు కలపకుండా పోసి, పురుగును అందులో ముంచి, పుల్లతో తీసి, పత్తి ఆకు మీద వేసి పైన బుట్ట బోర్లించాను. అన్నం వార్చాను. దవాఖాన నుంచి వచ్చినవాళ్లకు వడ్డించాను. గిన్నెలు తోమాను. తోమి వచ్చి బుట్ట తీస్తే ఆకు సగం లేదు. పురుగు రెండో సగం తింటోంది.

మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన వంగి చూశాడు. పుల్లతో కదిపాడు.

"ఒక పురుగుతోని ఏం తెలుస్తది?" అన్నాడు.

"మరిపెడంత ఇదే అంటాంది."

"మందు ఖరాబు అని నాకు మాత్రం ఎట్ల తెలుస్తది కళా? కంపెనీ ఇచ్చింది, నేను ఎత్తిన." గొంతు తగ్గించాడు. "దీపావళి దాక ఏం మాట్లాడకు. పిల్లలు ఆశపెట్టుకున్నరు. నువ్వు గూడ."

నేను గూడ. ఆ మాట నిజం. బుట్ట మళ్లీ బోర్లించాను.

*

దసరా వెళ్లి నాలుగైదు రోజులకు మా తోటికోడలు సమ్మమ్మ పొద్దుటి బండికి రఘునాథపల్లి నుంచి దిగింది. మా ఆయన ఏదో పనిమీద ఎనుమాముల మార్కెట్టుకు పోయాడు. సమ్మమ్మక్క కాళ్లు కడుక్కుని వంటింట్లోకే వచ్చి, కొంగు ముడి విప్పి కొమ్మ నా ముందు పెట్టింది. కాయ కాయకూ బెజ్జం.

"మీ బావ పంపు కడిగి పెట్టుకున్నడు. ఎర్ర డబ్బాలు తెమ్మన్నడు. తమ్ముడు ఎన్నిస్తే గన్ని" అంది. "ఊరోళ్లు గూడ మావి చూసి కొంటరట. ఇద్దరు ముగ్గురు పైకం గూడ పంపిండ్రు."

"నీ మరిదిని రానియ్యి అక్కా. అన్నం తిను."

"తింట గని." పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. దవాఖానలో ఆమె మేనమామే ఉన్నాడు, ఆయనకే కూర. "చెల్లె, పిల్లలు చెప్పిండ్రు, విమానమెక్కుతాండ్రట గదా. మీ బావ ఊర్ల అందరికి చెప్పుకుంటాండు, మా తమ్ముడు పిల్లలు సముద్రం దాటుతాండ్రని."

"ఆ."

"పుణ్యం చేసుకున్నవ్. పో. నువ్వు గూడ మనిషివే." కొమ్మను చేతిలో తిప్పుతూ ఉంది. "ఇది కొడితే చస్తదా చెల్లె?"

ఊరికే అడిగింది. చస్తదనే మాట వినడానికే అడిగింది. నేను ఆ మాట అంటే సరిపోయేది. కత్తిపీట మీద ఉల్లిగడ్డ సగం తెగి ఉంది. మిగిలిన సగం కోశాను.

"చావది అక్కా."

ఆమె కొమ్మ తిప్పడం ఆపింది.

"పొద్దుగాల మంచు ఆరక ముందు పురుగు పైకొస్తది. మనుషులను పెట్టి ఏరిపియ్యుండ్రి. పుచ్చిన కాయలు తెంపి కాలబెట్టుండ్రి. కష్టమే గని, చేను సగమన్న దక్కుతది. మందు మాత్రం కొనకుండ్రి. ఎవ్వలను కొననియ్యకుండ్రి."

సమ్మమ్మక్క నాకేసి చూసింది. తర్వాత తలుపు సందులోంచి గదిలో మిగిలిన పెట్టెలకేసి చూసింది. లెక్క తెలియని మనిషి కాదు.

"మరి మీ సముద్రం?"

"అది యాడికి పోతదక్కా. గా కరేపాకు ఇటియ్యి."

ఆమె కరేపాకు అందించింది. అన్నం తిని, మేనమామను చూసి, సాయంత్రం బండికి ఉత్త చేతులతో వెళ్లిపోయింది.

*

రఘునాథపల్లిలో ఏం జరిగిందో నేను చూడలేదు. చెప్పగా విన్నాను. కంపెనీ బోర్డు నిలబడే ఉందట. దాని చుట్టూ మా బావ, అక్క, కూలివాళ్లు పొద్దున్నే చెంబులు పట్టుకుని పురుగులు ఏరుతున్నారట. డీలర్ అన్నే మందు ముట్టలేదంటే ఇక ఊళ్లో ముట్టేదెవరు? పక్కూళ్లవాళ్లు వచ్చి బోర్డు చదివి, చెంబులు చూసి, ఇళ్లకు పోయి వాళ్లూ చెంబులు తీసుకున్నారట. మా దుకాణానికి గిరాకీ కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

మా ఆయన రఘునాథపల్లి పోయి వచ్చాడు. వచ్చి ఒక పెట్టె మీద కూర్చున్నాడు.

"అన్న ఏం చెప్పలే. వదినె నా మొహం చూడలే" అన్నాడు. "నువ్వేనా?"

"నేనే."

"నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే ఆపుదువు."

"ఆపుదును." అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. కోపం వస్తుందేమోనని చూశాను. కోపానికి కూడా ఓపిక ఉండాలి. "అన్న చేనుకు నేనే మందు పట్టుకపోదునే కళా. నా చేతులతోనే కొడుదును." పెట్టె మీంచి లేచి, "అన్నం ఉన్నదా?" అన్నాడు.

దీపావళినాడు కిషన్ రావు వచ్చి గదిలోకి, వసారాలోకి తొంగిచూసి పెదవి విరిచాడు. మిగిలిన పెట్టెలను గుంటూరు దిక్కు డీలరుకు మళ్లించే ఏర్పాటు చేస్తానన్నాడు. వీటిని ఎవరికీ అమ్మొద్దని నేనన్నాను. ఆయన నవ్వి, "వదినమ్మా, మీరు వంట చూసుకోండ్రి" అన్నాడు. లారీ వచ్చి ఎత్తుకుపోయింది. దానిమీద నా మాట చెల్లలేదు.

ఫ్యామిలీ టికెట్టు పోయింది. సగం సరుకు అమ్మినందుకు ఒక ముక్క మిగిలింది. డీలరు ఒక్కడే, మిగతా డీలర్లతో కలిసి, ఆ లైట్ల ఊరికి.

"నేను పోను" అన్నాడు మా ఆయన.

"పో. పాస్‌పోర్టు ఉత్తగ ఎందుకు పోవాలె? విమానంల నుంచి సముద్రం ఎట్లుంటదో చూసొచ్చి పిల్లలకు చెప్పు."

పిల్లలకు సంగతి నేనే చెప్పాను. దాచలేదు. భద్రి ఏడ్చి, ఏడ్చి, జామకాయ దొరకగానే మానేశాడు. పద్మ ఏడవలేదు. బళ్లో అందరికీ చెప్పుకుంది, అట్లాసులో గీత గీసుకుంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలి? "పెద్దమ్మోళ్లకు అబద్ధం చెప్పమన్ననా నేను? ఏం చెప్పకుంట ఉంటే అయిపోతుండె గదా" అంది. జవాబు నా దగ్గర ఉంది కానీ పన్నెండేళ్ల పిల్లకు సరిపోయేది కాదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, జడ వేస్తే వేయించుకునేది. నోరు మాత్రం విప్పేది కాదు.

*

కార్తీకం చివర్లో మా ఆయన వెళ్లాడు. స్టేషన్‌లో రైలెక్కుతూ, "దుకాణం జర చూసుకో" అన్నాడు.

మర్నాడు పిల్లలు బడికి పోయారు. దవాఖాన చుట్టాల్లో ఆఖరివాళ్లు అంతకుముందురోజే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోయారు. కౌంటర్ తుడిచాను. వీధిలో ఎవరూ లేరు. నేను ఎందుకలా చేశానో నాకే తెలియదు, లేచి దుకాణం తలుపులు దగ్గరికి వేసి లోపల గడియ పెట్టాను. గదిలోకి పోయాను. పెట్టెలు పోయాక ఆ గది అంత పెద్దదని అప్పుడే చూశాను. గచ్చు చల్లగా ఉంది. చాప వేయాలని కూడా తోచలేదు. కొంగు తలకింద పెట్టుకుని ఒరిగాను. ఒక్క నిమిషం, అనుకున్నాను.

ఎంతసేపైందో తెలియదు. పిల్లలు బడి నుంచి వచ్చినట్టున్నారు. భద్రి ఏడుపు వినపడింది. పెరటి తలుపులోంచి సావిత్రి చెంబుతో పరుగెత్తుకొచ్చిన చప్పుడు. మొహం మీద నీళ్లు పడ్డాయి. కళ్లు తెరవాలనిపించలేదు.

"అత్తమ్మా, అమ్మ పడిపోయింది. లేపితే లేస్తలేదు" అంటున్నాడు భద్రి.

సావిత్రి నా ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. నుదురు ముట్టింది. తర్వాత నెమ్మదిగా అంది.

"పడిపోలేదురా. పండుకుంది."

"పగటిపూటనా?"

సావిత్రి చెంబు కింద పెట్టింది. పద్మ అక్కడే నిలబడి ఉన్నట్టుంది, దాని పట్టీల చప్పుడు ఆగింది. కొంగుతో ఎవరో నా మొహం మీది తడి తుడిచారు. సావిత్రి చెయ్యి కాదది, చిన్న చెయ్యి.

అప్పుడే వీధి తలుపు మీద ఎవరో దబదబా కొట్టారు. "సేటమ్మా, ఉన్నరా? దూరం నుంచి వచ్చినం." నా ఒళ్లు అలవాటు ప్రకారం లేవబోయింది. అంతకంటే ముందే పట్టీలు తలుపు వైపు కదిలాయి. గడియ తీసిన చప్పుడు. ఆ తర్వాత, ఇన్ని రోజులుగా నేను వినని గొంతు.

"అమ్మ పండుకుంది. రేపు రాండ్రి."